గెలిస్తే మూడు, ఊడిస్తే ఆరు

పాత గుడ్డపేలికలను ఉండగా చుట్టి, పైన దారం బిగించి బంతి చెయ్యటం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. తెలియకపోతే మీ తాతగారిని అడగండి, ఆయన చేసి చూపిస్తారు. ఆఫ్రికా ఖండంలోని కెన్యా దేశంలో కూడా పేదపిల్లలు ఇటువంటి బంతే చేసుకునేవారు. అయితే వాళ్ళు గుడ్డపేలికలకు బదులు పాలిథీన్ సంచులు వాడేవారు. వీధిలో పారేసిన సంచులను ఏరి, ఒకదానిమీద ఒకటి చుట్టి, పైన పురికొసను వలలాగా అల్లి కట్టేస్తే, తన్నటానికి పనికివచ్చే గట్టి బంతి తయారవుతుంది.

కెన్యాలో ఒక పేదవాడ పిల్లలు అటువంటి బంతితో ఆట మొదలుపెట్టారు. చివరకు తమ పేటలోని చెత్తను తామే ఎత్తిపోశారు. తమ ఆటల వ్యవహారమంతా తామే నడుపుకోవటం నేర్చారు. అది ఎలా జరిగిందో ఇప్పుడు మీకు చెబుతాము.

కెన్యా రాజధాని నైరోబీ. మీ భూగోళపటంలో చూస్తే అది భూమధ్యరేఖకు కొంచెం దక్షిణంగా కనబడుతుంది. అయినా అక్కడ మన రోహిణీకార్తె ఎండలవంటివి ఉండవు. ఎందుకంటే, ఆ నగరం సముద్రమట్టానికి దాదాపు 1700 మీటర్ల ఎత్తున ఉన్నది. నైరోబీ అన్న పేరుకూడా మాసాయి జాతివారి భాషలో "చల్లని నీళ్ళు" అనే మాటనుంచి వచ్చినదే. 1899లో ఆ చోట రైలుదారి వేసేవారు ఒక మజిలీ ఏర్పాటు చేసుకున్నారు. ఆ మజిలీయే పెరిగి మహానగరమయింది. ఆ రైలుదారి వెయ్యటానికి మన దేశంనుంచి వేలకొద్దీ కూలీలు ఓడలెక్కి వెళ్ళారు.

పెద్ద నగరంలో పెద్ద మేడలూ ఉంటాయి, పేదవాడలూ ఉంటాయి. నైరోబీలోని పేదవాడలలో మథారే ఒకటి. మథారే అన్నది ఒక చిన్న నది పేరు. ఒకప్పుడు ఆ నదీలోయలో కట్టడాలకోసం రాళ్ళు కొట్టేవారు. ఆ గోతుల చుట్టూ కూలివాళ్ళు గుడిసెలు వేసుకున్నారు. క్రమంగా పల్లెలనుంచి పనికోసం వచ్చినవారంతా అక్కడే చేరారు. మట్టిగోడలు, తుప్పు పట్టిన రేకులు, ఒక ఇంటికి ఆనుకుని ఇంకొక ఇల్లు, ఒకే గదిలో కుటుంబమంతా. ఈ విధంగా కొన్ని లక్షలమంది ఆ లోయలో కాపురముంటున్నారు.

అటువంటి చోట అన్నిటికంటె పెద్ద శత్రువు ఏదో తెలుసా? చెత్త! 1980 తరువాతి సంవత్సరాలలో కూడా నగరంవారి చెత్తబళ్ళు ఆ ఇరుకు సందులలోకి వచ్చేవి కావు. ఇంటింటి చెత్తా కాలవలలో పడేది. కాలవ పూడిపోయేది. వాన పడగానే ఆ మురికి నీరు ఇళ్ళలోకి పొంగేది. నిలవనీటిమీద దోమలూ, కుళ్ళుమీద ఈగలూ ముసిరేవి. ఈగ కుళ్ళుమీద వాలి, అవే కాళ్ళతో వచ్చి అన్నంమీద వాలుతుంది. ఆ విధంగా కంటికి కనబడని రోగక్రిములు పిల్లల పొట్టలోకి పోతాయి. విరేచనాలు, సన్నిపాతజ్వరం, కలరా ఇటువంటి చోట్ల ముందుగా పట్టుకునేది చిన్నపిల్లలనే. అందుచేత, ఆ చెత్త కేవలం అసహ్యమైన వస్తువు కాదు, ప్రాణాలు తీసే వస్తువు.

ఇంతటి మురికిలో కూడా పిల్లలు ఆడటం మానలేదు. చదునుగా ఉన్న చోటు చారెడు దొరికితే చాలు, అక్కడ చెప్పుల్లేని కాళ్ళతో ఫుట్‌బాల్ ఆడేవారు.

1987లో ఆ ఆటను ఒక పరదేశీయుడు చూశాడు. ఆయన పేరు బాబ్ మన్రో. ఆయన కెనడా దేశంవాడు. నీటి విషయాలూ, పరిసరాల విషయాలూ తెలిసినవాడు గనక ఐక్యరాజ్య సమితికి సలహాదారుగా నైరోబీలో పనిచేసేవాడు. పిల్లలకు నిజమైన బంతీ, విజిల్ ఊదే రిఫరీ, వరసగా పోటీలూ ఉంటే ఎంత బాగుంటుందో కదా అని ఆయనకు తోచింది. పిల్లల కోరికకూడా అదే.

ఇక్కడ ఆయన ఒక మంచి పని చేశాడు. బంతులు కొనితెచ్చి ఊరికే పంచిపెట్టి వెళ్ళిపోలేదు. తాను సహాయం చేస్తానన్నాడు, కాని పిల్లలుకూడా తమ వంతు పని చెయ్యాలన్నాడు. వాళ్ళు చేస్తే తానూ చేస్తాడట, వాళ్ళు ఏమీ చెయ్యకపోతే తానూ చెయ్యడట. పిల్లలు సరేనన్నారు. ఈ విధంగా మథారే యువజన క్రీడాసంఘం పుట్టింది. ఆ సంఘాన్ని అక్కడివారు పొడిగా "మైసా" అంటారు.

ఇక ఆ సంఘంవారు పెట్టుకున్న నియమం వినండి. ఫుట్‌బాల్ పోటీలలో గెలిచిన జట్టుకు 3 పాయింట్లు, ఆట సమంగా ముగిస్తే తలా 1 పాయింటు ఇవ్వటం లోకమంతటా ఉన్న పద్ధతే. మైసా పోటీలలో మరొకటి చేరింది. జట్టులోని పిల్లలంతా కలిసి, పేటలో చెత్త ఎత్తిపోసే పని ఒకటి పూర్తిచేస్తే, ఆ జట్టుకు 6 పాయింట్లు! అనగా, ఒకనాడు చీపురూ పారా పట్టుకుంటే, రెండు ఆటలు గెలిచినంత ఫలితమన్నమాట.

దీనివల్ల ఏమవుతుందో మనం ఒక చిన్న లెక్క కట్టి చూద్దాము. రెండు జట్లున్నాయనుకోండి. ఒకటి సింహాల జట్టు, రెండవది లేళ్ళ జట్టు. రెండూ చెరి అయిదు ఆటలు ఆడాయి. సింహాలు నాలుగు గెలిచి, ఒకటి ఓడారు. నాలుగు మూళ్ళు పన్నెండు. లేళ్ళు రెండు గెలిచి, ఒకటి సమం చేసి, రెండు ఓడారు. వారికి వచ్చినవి ఏడు. ఇంతవరకూ సింహాలదే పైచెయ్యి. కాని లేళ్ళు ఒక శనివారంనాడు పారలు పట్టి ఒక కాలవ శుభ్రం చేశారు. సింహాలు ఇళ్ళలో పడుకున్నారు. ఏడుకు ఆరు కలిపితే పదమూడు! పట్టికలో లేళ్ళు పైకి వెళ్ళారు. సింహాలు మళ్ళీ పైకి రావాలంటే ఏం చెయ్యాలి? పార పట్టవలసిందే!

"ఆటకూ చెత్తకూ సంబంధమేమిటి?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. ఉన్నది. చెప్పులు లేకుండా ఆడేవాడి కాలికి గుచ్చుకునే గాజుపెంకు ఆ చెత్తలోదే. మంచి ఆటగాడికి ఆటరోజున విరేచనాలు పట్టుకుంటే, అది ఆ కాలవలోనుంచి వచ్చినదే. ఎదుటి జట్టు అందరికీ కనబడే ప్రత్యర్థి. చెత్త కనబడీ ఎవరూ పట్టించుకోని ప్రత్యర్థి. మైసా పిల్లలు ఇద్దరితోనూ ఆడారు.

ఈ నియమంలో మరొక కిటుకు ఉన్నది. దాన్ని పెద్దలు కూడా గమనించాలి. చెత్త ఎత్తటానికి జట్టంతా రావాలి. అందరినీ తీసుకురావలసినవాడు ఎవరు? జట్టు నాయకుడు. ఆటనాడైతే పిల్లలు పిలవకుండానే వస్తారు. కాని పార పట్టవలసిన రోజున ఒకడు తలనొప్పి అంటాడు, ఒకడు చెల్లెలిని ఎత్తుకోవాలంటాడు, మరొకడు ఉలకడు పలకడు. నాయకుడు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళాలి. చెల్లెలిని చూసుకునేందుకు మరొకరిని ఏర్పాటు చెయ్యాలి. పారలు ఎన్ని ఉన్నాయో, ఎవరు తవ్వాలో, ఎవరు మొయ్యాలో చెప్పాలి. అన్నిటికన్న ముందు తానే కాలవలోకి దిగాలి. తాను గట్టున నిలబడి, "నువ్వు దిగు!" అంటే ఎవరు దిగుతారు?

నాయకత్వమంటే ఇదే. బాగా గోలు కొట్టేవాడు మంచి ఆటగాడు. తనతోపాటు పదిమందిని కష్టమైన పనికి నడిపించగలవాడు నాయకుడు. ఈ రెండూ ఒకరిలోనే ఉండాలని నియమమేమీ లేదు. పుస్తకం చదివి ఈత నేర్చుకోలేనట్టే, ఉపన్యాసం విని నాయకుడు కావటంకూడా సాధ్యం కాదు. బాధ్యత మీద పడాలి, అది మోయాలి, అప్పుడప్పుడు తడబడాలి, మళ్ళీ సర్దుకోవాలి.

మైసావారు ఇటువంటి బాధ్యతలు పిల్లలకు ఎన్నో ఇచ్చారు. పేటను భాగాలుగా విభజించుకున్నారు. ఒక్కొక్క భాగంలో జట్లవాళ్ళు తమ ప్రతినిధులను తామే ఎన్నుకుంటారు. ఏ జట్టు ఏనాడు ఏ జట్టుతో ఆడాలి, తగవు వస్తే ఎవరు తీర్చాలి, ఈ శనివారం ఏ సందు శుభ్రం చెయ్యాలి అన్నవి ఆ ప్రతినిధులు కూర్చుని నిర్ణయిస్తారు. వాళ్ళలో చాలామంది హైస్కూలు వయసు పిల్లలే. వాళ్ళే రిఫరీలు, వాళ్ళే తమకంటె చిన్నవాళ్ళకు ఆట నేర్పే గురువులు.

ఆటలో కూడా కొన్ని మంచి పద్ధతులు పెట్టుకున్నారు. ఫుట్‌బాల్‌లో తప్పు చేసినవాడికి రిఫరీ పసుపు కార్డు చూపుతాడని, పెద్దతప్పు చేస్తే ఎర్రకార్డు చూపి బయటికి పంపుతాడని మీకు తెలుసు. మైసాలో వీటితోపాటు ఆకుపచ్చ కార్డుకూడా ఉన్నది. అది శిక్షకు కాదు, మెప్పుకు! పడిపోయిన ఎదుటివాడికి చెయ్యి అందించి లేపినవాడికీ, మర్యాదగా ఆడినవాడికీ దక్కుతుంది.

పేదపిల్లలకు ఆట ఒక్కటే చాలదు, చదువుకూడా ఉండాలి. కెన్యాలో 2003లో ప్రాథమిక విద్యకు జీతం తీసివేశారు. కాని అంతకుముందు జీతం కట్టలేక ఎందరో పిల్లలు బడి మానేవారు. పై తరగతులకు ఆ తరువాతకూడా ఖర్చు తప్పలేదు. అందుచేత మైసావారు మరొక లెక్కపుస్తకం తెరిచారు. చిన్నపిల్లలకు ఆట నేర్పినా, రిఫరీగా నిలబడినా, చెత్త ఎత్తినా, ఆ పని చేసినవాడి పేర పాయింట్లు రాస్తారు. ఎక్కువ పాయింట్లు సంపాదించినవారికి నాయకత్వ బహుమతి ఇస్తారు. బహుమతి అంటే వెండికప్పు కాదు. వాళ్ళ బడిజీతాన్ని సంఘమే నేరుగా బడికి కట్టేస్తుంది. తన చదువును తన కష్టంతో సంపాదించుకున్నాననే గౌరవం ఆ పిల్లవాడికి మిగులుతుంది.

"అంతా పిల్లవాడు, పిల్లవాడు అంటున్నారు. ఆడపిల్లల మాటేమిటి?" అని మా చెల్లెళ్ళు కోప్పడవచ్చు. ఆ కోపం న్యాయమైనదే. మొదటి అయిదేళ్ళూ అక్కడ మగపిల్లలే ఆడారు. ఫుట్‌బాల్ ఆడపిల్లలకు తగదని ఇళ్ళలోనూ అనుకునేవారు, వీధిలోనూ అనుకునేవారు. 1992లో మైసావారు బాలికల పోటీలుకూడా మొదలుపెట్టారు. అది సులభంగా జరగలేదు. ఆడపిల్లకు నీళ్ళు మొయ్యటం, వంట చెయ్యటం, తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ చూసుకోవటంతోనే పొద్దు సరిపోతుంది. ఇంటిపని కాగానే ఆడటానికి వీలయ్యే వేళలు చూడవలసి వచ్చింది. తల్లిదండ్రులకు నచ్చచెప్పవలసి వచ్చింది. కాని బాలికలు వచ్చారు, ఆడారు. రిఫరీలయ్యారు, గురువులయ్యారు, ఎన్నికై సభలలో కూర్చున్నారు. నలుగురిలో నోరు విప్పటం అన్నది ఎవరికైనా ఒకసారి అలవాటయితే, అది ఆటస్థలంలోనే ఆగిపోదు కదా!

సరిగా 1992లోనే మరొక సంగతి జరిగింది. బ్రెజిల్ దేశంలోని రియో నగరంలో ప్రపంచదేశాల నాయకులు భూమిని కాపాడుకునే విషయమై పెద్ద సభ చేశారు. ఆ సందర్భంలో పరిసరాలను బాగుచేసినవారికి ఐక్యరాజ్య సమితి ఇచ్చే "గ్లోబల్ 500" అనే గౌరవం మైసాకు లభించింది. పారలు పట్టిన పేదవాడ పిల్లల పేరు ప్రపంచసభలో వినిపించింది.

పిల్లలు పెరిగి పెద్దవాళ్ళయారు. వాళ్ళలో మంచి ఆటగాళ్ళతో 1994లో "మథారే యునైటెడ్" అనే పెద్ద జట్టు తయారయింది. ఆ జట్టు 1998లోనూ, మళ్ళీ 2000లోనూ కెన్యా దేశపు కప్పు గెలిచింది. పేరు వచ్చిందిగదా అని ఆ ఆటగాళ్ళు పేటను మరిచిపోవటానికి వీల్లేదు. జట్టులో ఉండాలంటే సంఘసేవకూడా చెయ్యాలన్నది అక్కడి నియమం. చిన్నపిల్లలు తమ అభిమాన ఆటగాడిని మైదానంలోనే కాదు, తమ సందులో తమతో కలిసి పనిచేస్తూ ఉండగాకూడా చూసేవారు.

తాము నేర్చినదాన్ని వాళ్ళు ఇతరులకూ పంచారు. కెన్యాకు వాయవ్యమూల కాకుమా అనే చోట శరణార్థుల శిబిరమున్నది. యుద్ధాలకు భయపడి సూడాన్ మొదలైన దేశాలనుంచి పారిపోయి వచ్చినవారు అక్కడ తలదాచుకున్నారు. అక్కడి పిల్లలకు ఆటలు ఏర్పాటు చెయ్యటానికి 1999లో మైసావారు వెళ్ళారు. ఒకనాడు సహాయం అందుకున్నవారే సహాయం చేసేవారయ్యారు.

ఇక మీకు ఒక దుఃఖకరమైన సంగతికూడా చెప్పాలి. 2007 డిసెంబరులో కెన్యాలో ఎన్నికలు జరిగాయి. ఫలితాలమీద తగవు లేచి, జాతికీ జాతికీ మధ్య పోట్లాటలయాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. లక్షలమంది ఇళ్ళు వదిలి పారిపోయారు. నైరోబీలో ఈ గొడవలు ఎక్కువగా జరిగిన చోట్లలో మథారే ఒకటి. నిన్నటిదాకా ఒకే కాలవ శుభ్రం చేసిన పొరుగువారే ఒకరిని చూసి ఒకరు భయపడవలసి వచ్చింది. ఆట ఆ మంటను ఆపగలిగిందని చెబితే అది అబద్ధమవుతుంది. కాని ఒక్కటి చెప్పవచ్చు. ఆ సంఘపు జట్లలో కికూయు పిల్లలూ, లువో పిల్లలూ, లుహ్యా పిల్లలూ కలిసే ఆడారు. అదే 2008వ సంవత్సరం చివర మథారే యునైటెడ్ మొట్టమొదటిసారిగా దేశపు లీగు పోటీలలో ప్రథమస్థానం సంపాదించింది. ఏ లోయలో మనుషులు జాతుల పేర విడిపోయారో, ఆ లోయ పేరు పెట్టుకున్న జట్టులో అన్ని జాతులవారూ ఒకరికొకరు బంతి అందించుకుని గెలిచారు.

క్రమంగా ఈ సంఘంలో చేరినవారి సంఖ్య ఇరవై వేలు దాటింది. మరి మథారే స్వర్గమయిపోయిందా? లేదు. ఆ రేకుల ఇళ్ళు ఇంకా ఉన్నాయి. 2024 ఏప్రిల్‌లో కుంభవృష్టి కురిసి నది పొంగి, ఆ లోయలో ఎన్నో ఇళ్ళు మునిగాయి. పిల్లల పారలు నగరపాలకులు చెయ్యవలసిన పనికి బదులు కావు. మంచినీళ్ళు, మురుగుకాలవలు, మంచి ఇళ్ళు ఇవన్నీ పెద్దలు ఏర్పాటు చెయ్యవలసినవే. చెత్త ఎత్తే పిల్లలను మెచ్చుకుని ఊరుకుంటే పెద్దల బాధ్యత తీరదు.

కాని మారినది కూడా ఉన్నది. "మా పేటకు ఎవరో వచ్చి ఏదో చెయ్యాలి" అని ఎదురుచూసే అలవాటు ఆ పిల్లలకు పోయింది. ఒక కాలవను తానే బాగుచేసిన పిల్లవాడు, మిగిలిన కాలవలు ఎందుకు బాగుపడలేదని పెద్దలను నిలబెట్టి అడగగలడు. చెయ్యి కదిపినవాడికి అడిగే హక్కూ, అడిగే ధైర్యమూ రెండూ వస్తాయి.

మీ వీధిలోకూడా ఒక జట్టు ఉండే ఉంటుంది. కబడ్డీ కావచ్చు, క్రికెట్ కావచ్చు, బిళ్ళంగోడే కావచ్చు. ఈసారి మీరు ఆడేటప్పుడు కొంచెం గమనించండి. మీలో ఎప్పుడూ ఆట అందనివాడు ఎవరు? బంతి ఏరుకురావటానికి మాత్రమే పనికివస్తున్న చిన్నవాడు ఎవరు? గోడవారన నిలబడి చూసే ఆడపిల్ల ఎవరు? ఒకవారం లెక్కలు రాసే పని ఒకరికి ఇవ్వండి. తగవు తీర్చే పని మరొకరికి ఇవ్వండి. ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవాడికి కాక, ఎప్పుడూ మాట్లాడనివాడికి నాయకత్వం ఇచ్చి చూడండి. మీ పాయింట్ల పట్టికలో గెలుపుకు పక్కన మరొక గడి గీసి, "వీధికి చేసిన పని" అని రాయండి. పెద్దపని కానక్కరలేదు. ఆడుకునే చోట గాజుపెంకులు ఏరినా, వేసవిలో ఎండిపోతున్న మొక్కలకు నీళ్ళు పోసినా చాలు.

ఆ గడిలో ఎన్ని పాయింట్లు వెయ్యాలో మీ జట్టంతా కూర్చుని నిర్ణయించుకోండి. అమ్మనూ నాన్ననూ అడగకండి. వారు కూడా, పిల్లలు కొంచెం పోట్లాడుకున్నాసరే, నిర్ణయమయేదాకా కలగజేసుకోకుండా ఉంటే మంచిది. నాయకత్వంలో మొదటి పాఠం అక్కడే మొదలవుతుంది.